ఆండ్రోస్‌లో ఉన్న అసిమీనా

మా పెఫ్కోరాహిలో మే నెల దాటిందంటే ఎవరూ ఎవర్నీ "బాగున్నారా" అని అడగరు. "ఈసారి ఏ దీవి?" అని అడుగుతారు. రొట్టెల కొట్టులో, మందుల షాపులో, ఆదివారం చర్చి మెట్ల మీద అదే మాట. చివరికి చావింటికి వెళ్ళినా సరే, చేదు కాఫీ తాగి, పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, లేచేముందు గుమ్మంలో నిలబడి అదే ప్రశ్న వేస్తారు. ఏథెన్స్ వేడికి తాళలేక కొండెక్కి కూర్చున్న మూడు వందల ఇళ్ళు మావి. ప్రతి ఇంటికీ నిలువున్నర గోడ, గోడ మీద కాగితంపూల తీగ, తీగ చాటున కెమెరా. గేటు మీద పేరుండదు. తెలిసినవాళ్ళకి అక్కర్లేదు, తెలియనివాళ్ళకి అసలే అక్కర్లేదు. రోడ్డు మీద ఎవడైనా నడిచి వెళ్తున్నాడంటే కుక్కని తిప్పుతూ ఉండాలి, లేదా దారి తప్పి ఉండాలి. ఇక ఆగస్టులో ఏ దీవికీ పోకుండా ఇక్కడే మిగిలాడంటే వాడు చితికిపోయాడని అర్థం.

ఈ సంగతి అసిమీనాకి మా అందరికంటే బాగా తెలుసు. ఎందుకంటే ఆవిడ ఇక్కడ పుట్టలేదు. రేవు పక్క నికేయాలో దర్జీ కూతురు. స్నానాల గదుల టైల్స్ అమ్మే కొట్లో పనికి చేరి, కొట్టు యజమాని కొడుకు లాంబ్రోస్‌ని పెళ్ళాడి, ముప్ఫై ఏళ్ళప్పుడు ఈ కొండ మీదికి కాపురానికొచ్చింది. వచ్చిన మూడో రోజున ముందు బాల్కనీలో దుప్పట్లు ఆరేసింది. సాయంత్రానికల్లా ఎదురింటి ఎవ్దొకియా, మేమంతా మర్యాదగా కిరియా అని పిలిచే ఆవిడ, గేటు దగ్గరికొచ్చి, నవ్వుతూ, "మా దగ్గర ఎండ వెనకవైపు బాగా కాస్తుందమ్మా" అంది. అంతే. తిట్టలేదు, మూతి విరవలేదు. కానీ ఆ నవ్వుకి అసిమీనా ఒళ్ళు చల్లబడింది. ఆ రోజు పట్టుకున్న భయం ముప్ఫై ఆరేళ్ళైనా వదల్లేదు. ఏ చెంచాతో ఏం తినాలో, పలకరింపుగా ఎవరికి ఎన్నిసార్లు ముద్దు పెట్టాలో, ఇవన్నీ నేర్చుకుంది. నేర్చుకున్నకొద్దీ భయం పెరిగిందే గాని తగ్గలేదు.

లాంబ్రోస్ ఉన్నన్నాళ్ళూ ఆ భయానికి ఒక గొడుగు ఉండేది. దేశం దివాలా తీసిన రోజుల్లో కొట్టు మూతపడింది. నాలుగేళ్ళ కిందట లాంబ్రోస్ గుండె ఆగింది. పిల్లల్లేరు. మిగిలింది పిడికెడు పింఛను, పదకొండు గదుల ఇల్లు. అమ్మేద్దామంటే కొనేవాడు ఇల్లు చూసి ఊరుకుంటాడా? ఎందుకు అమ్ముతున్నారని అడుగుతాడు. అడిగినవాడు నలుగురికీ చెబుతాడు. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అదే బతుకు.

భర్త పోయిన ఏడాది జూన్‌లో ఎవ్దొకియా అడిగింది: "నీకు కాస్త గాలి మార్పు కావాలమ్మా. ఈసారి ఏ దీవి?"

"ఆండ్రోస్" అంది అసిమీనా నాలుక. మనసుని అడగలేదు, సంచిలో డబ్బుని అడగలేదు.

"మంచి పని చేశావ్. ఫ్తూ ఫ్తూ ఫ్తూ, దిష్టి తగలకుండా వెళ్ళిరా" అని ఎవ్దొకియా మూడుసార్లు ఉమ్మినట్టు చేసి దీవించింది.

దాంతో అసిమీనా వెళ్ళక తప్పలేదు.

ఎలా వెళ్ళిందో చెబుతాను, వినండి. ఆగస్టు ఒకటో తారీకు పొద్దున పది గంటలకి టాక్సీ పిలిచింది. పదికే ఎందుకంటే రొట్టెల కొట్టు ముందు జనం ఉండేది అప్పుడే. పెద్ద సూట్‌కేసు, దాన్నిండా దిండ్లు. అందరికీ ముద్దులు, చేతులూపడాలు. టాక్సీ కొండ దిగి కింద ఊళ్ళో బస్టాండు దాటగానే ఆపించి దిగిపోయింది. చర్చిలో ఆఖరి బల్ల మీద మధ్యాహ్నం మూడు దాకా కూర్చుంది. మూడు నుంచి ఐదున్నర దాకా మా దగ్గర పడక వేళ. ఆ వేళలో సుత్తి చప్పుడు చేస్తే పోలీసులకి ఫోన్ చేసేవాళ్ళున్నారు. ఆ వేళ చూసుకుని లోయ బాటన, పైన్ చెట్ల కిందుగా ఎక్కి, పెరటి ఇనప తలుపు తీసుకుని, తన ఇంట్లోకి తానే దొంగలా దూరింది.

ఆ ఏడే కాదు, అప్పట్నుంచి ఏటా ఇదే తంతు, ఇరవై నాలుగు రోజులు. చెక్క రెక్కలు మూసిన కిటికీలు, దీపం లేదు, టీవీ లేదు. నానబెట్టిన పప్పు, డబ్బా చేపలు. వెల్లుల్లి వేయిస్తే వాసన పోతుందని పచ్చిదే నమిలేది. సముద్రం నుంచి తిరిగొచ్చిన మనిషి నల్లబడాలి కదా, అందుకని మధ్యాహ్నం పూట పెరటి వసారాలో నేల మీద పడుకుని, ఒళ్ళంతా ఆలివ్ నూనె రాసుకుని ఎండలో మాగేది. ఆండ్రోస్ బాదం మిఠాయిలు జూలైలోనే ఏథెన్స్‌లో కొని ఫ్రిజ్‌లో దాచేది, ఇరవై అయిదున పంచడానికి. ఎవ్దొకియా రెండు రోజులకోసారి ఫోన్ చేసేది. అసిమీనా స్నానాల గదిలోకి పరుగెత్తి, తొట్టి నీళ్ళలో చెయ్యి పెట్టి తిప్పుతూ మాట్లాడేది, అలల చప్పుడు వినిపించాలని.

నవ్వుకోండి, నేనూ నవ్వాను తర్వాత. కానీ ఆ ఇరవై నాలుగు రోజులూ ఆవిడ నవ్వలేదు. గేటు గంట మోగితే వంటింటి మూలకి నక్కేది. పోస్టుమాన్ మోటారుసైకిలు ఆగితే ఊపిరి బిగబట్టేది. కలలో కూడా అదే వచ్చేది. కిటికీలు వాటంతట అవే తెరుచుకుంటున్నట్టు, వీధి అంతా నిలబడి చూస్తున్నట్టు.

పోయినేడు ఇంకో విడ్డూరం జరిగింది. వసారాలో పడుకున్న అసిమీనా ముక్కులో ఏదో నలుసు పడి, ఆపుకోలేక గట్టిగా తుమ్మింది. గోడకి అవతల నుంచి, ఖాళీగా ఉందనుకున్న ఇంట్లోంచి, ఒక ముసలి గొంతు నిద్రమత్తులో "గీత్సెస్!" అంది. తుమ్మినవాళ్ళకి ఆరోగ్యం కోరుతూ మేమనే మాట. నోటికి అలవాటు, పాపం, ఆగలేదు. ఆ ఇల్లు కెప్టెన్ మార్కెల్లోస్‌ది. పడక వేళ చెవి మిషన్ తీసి పడుకునేవాడు ఆ రోజు మరిచినట్టున్నాడు. ఓడలు నడిపి రిటైరైన పెద్దమనిషి, భార్య లేదు, ఆగస్టు రాగానే తన పడవలో స్పెత్సెస్ దీవికి పోతున్నానని అందరికీ టోపీ ఎత్తి చెప్పి వెళ్తాడు. గోడకి ఇవతల అసిమీనా, అవతల ఆయన, ఇద్దరూ కుక్కిన పేనుల్లా పడి ఉన్నారు. ఆ తర్వాత ఆవిడ వసారాలోకి వెళ్ళడం మానేసింది. సెప్టెంబరులో ఆయన ఎదురైనప్పుడు, "ఈసారి స్పెత్సెస్‌లో గాలి ఎక్కువ" అన్నాడు. "ఆండ్రోస్‌లోనూ అంతే" అంది. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు. చూసినా చూడనట్టు ఉండడమే మా కొండ మీద మర్యాద.

ఇక ఈ ఏడు ఆగస్టు పదమూడు.

మూడు రోజులుగా ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతోంది. వానపడి నూరు రోజులు దాటింది. పొద్దున ఎవ్దొకియా ఫోన్ చేసింది. "ఎలా ఉందమ్మా సముద్రం?"

"నూనెలా నిలకడగా ఉంది, కిరియా ఎవ్దొకియా" అంది అసిమీనా, తొట్టిలో చెయ్యి తిప్పుతూ.

"అదృష్టవంతురాలివి. ఇక్కడ గాలికి పూలకుండీలు ఎగిరిపోతున్నాయి."

ఎవ్దొకియా ఆగస్టులో ఎక్కడికీ పోదు. నోటరీగా చేసి రిటైరైంది, డెబ్బై ఎనిమిదేళ్ళు, తుంటి నొప్పి. ఆవిడకి డబ్బుందని ఊరందరికీ తెలుసు గనక, ఆవిడ ఇంట్లో కూర్చుంటే దాన్ని పేదరికం అనరు, మొండితనం అంటారు. ఆ వెసులుబాటు అందరికీ దొరకదు.

మధ్యాహ్నం మూడున్నరకి అసిమీనాకి పొగ వాసన తగిలింది. ఎవరో మాంసం కాలుస్తున్నారనుకుంది. కానీ మాంసం వాసన లేదు, బంక వాసన ఉంది, పైన్ చెట్టు బంక. రెక్కల సందులోంచి చూస్తే ఆకాశం పసుపుగా ఉంది. గోడ మీద ఎండ ముసలివాళ్ళ పళ్ళ రంగుకి మారింది.

అప్పుడు ఫోన్ అరిచింది. మోగడం కాదు, అరిచింది. ప్రమాదం వస్తే ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతి ఫోన్‌కీ పంపించే హెచ్చరిక అది. ఊళ్ళో ఎవరైనా అయితే చదివి చెప్పులేసుకుని పరుగెత్తుతారు. అసిమీనా ఏం చేసిందో తెలుసా? ఫోన్ మీద దిండు వేసి దాని మీద కూర్చుంది. ఆ చప్పుడు వీధిలోకి వినిపిస్తుందేమోనని. దిండు కింద ఫోన్ చాలాసేపు అరిచి ఊరుకుంది. తీసి చూస్తే, "పెఫ్కోరాహిలో ఉన్నవారు వెంటనే కింద ఊరి వైపు ఖాళీ చేసి వెళ్ళండి" అని ఉంది.

వెళ్ళాలి. ఎలా వెళ్ళాలి? గేటు తీసుకుని బయటికొస్తే ఎదురుగా ఎవ్దొకియా కిటికీ. ముందు వాళ్ళంతా పోనీ, తర్వాత ఎప్పటిలా పెరటి తలుపులోంచి లోయ బాటన దిగిపోదాం అనుకుంది. పర్సు, లాంబ్రోస్ ఫోటో, మందులు సంచిలో వేసుకుంది. మాత్రలు నేల మీద పడితే, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ ఏరింది. ఆ టైములో మాత్రలు ఏరడమేమిటని అడక్కండి. భయం మనిషి చేత ఏదైనా చేయిస్తుంది.

వీధిలోకి పోలీసు కారు వచ్చింది, మైకులో కేకలేస్తూ. ఎదురింటి ముందు ఆగింది. అసిమీనా ముందు గదిలో కిటికీ రెక్కకి చెవి ఆనించి నిలబడింది. పోలీసువాడిది కుర్ర గొంతు, ఎండిపోయి ఉంది.

"యాయా, తొందరగా రండి, కారెక్కండి. సామాను వద్దు."

"నన్ను యాయా అనకు అబ్బాయ్, నేను నీ అమ్మమ్మని కాదు. చెయ్యి పట్టుకో, నెమ్మదిగా. నా తుంటి నీ అంత వయసుది కాదు."

"ఈ వీధిలో ఇంకెవరున్నారు? ఈ ఎదురిల్లు?"

ఇప్పుడు ఒక్క కేక వేస్తే చాలు. ఒక్క చెయ్యి తీసి రెక్క నెడితే చాలు. చెయ్యి లేవలేదు. ఒక పక్క నిప్పు, ఒక పక్క ఎవ్దొకియా నవ్వు. ఆవిడ దేనికి ఎక్కువ భయపడిందో నేను చెప్పక్కర్లేదు.

"అసిమీనా ఇల్లు అది" అంది ఎవ్దొకియా, అవసరం కంటే గట్టిగా. "ఎవరూ లేరు. ఆవిడ ఆండ్రోస్‌లో ఉంది. పొద్దున్నే నాతో మాట్లాడింది."

"గ్యారంటీనా?"

"నలభై ఏళ్ళు నోటరీగా చేశాను నాయనా. నేను ఉందంటే ఉంది, లేదంటే లేదు."

కారు తలుపులు పడ్డాయి. మైకు చప్పుడు మలుపు తిరిగి సన్నగిల్లింది. అసిమీనా సంచి భుజాన వేసుకుని పెరట్లోకి పరుగెత్తింది. ఇనప తలుపు గడియ మీద చెయ్యి వేసి, కేక పెట్టి వెనక్కి తీసింది. గడియ కాలుతోంది. తువ్వాలు చుట్టి తీసేసరికి అవతల లోయ లేదు. పొగ ఉంది. పొగ అడుగున ఎర్రగా ఏదో కదులుతోంది. పైన్ కాయలు టపటపా పేలుతూ, నిప్పుతోనే ఎగిరి వచ్చి పడుతున్నాయి. ఒకటి వచ్చి వసారాలో ఒకప్పుడు ఆవిడ పడుకున్న చాప మీద పడింది. ఆవిడ తలుపు మూసి, వెనక్కి తిరిగి, ఇంటి చుట్టూ ముందుకి పరుగెత్తింది. పనాయియా తల్లీ, పనాయియా తల్లీ అని మేరీమాత పేరొక్కటే నోట్లో ఆడుతోంది.

గేటు బటన్ నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. కరెంటు పోయింది. కరెంటు లేనప్పుడు ఆ గేటుని చేత్తో జరపడానికి ఏదో తాళం ఉంటుంది. అది ఎక్కడ పెట్టుంటుందో లాంబ్రోస్‌కి తెలుసు. లాంబ్రోస్‌ని అడగలేం. పక్కన మనుషులు వెళ్ళే చిన్న తలుపు ఒకప్పుడుండేది. ఎవరింట్లోనో దొంగలు పడ్డప్పుడు లాంబ్రోస్ దాన్ని ఇటుకలతో మూసేయించి, గోడ ఇంకో మూరెడు లేపి, పైన ఇనప ముళ్ళు పెట్టించాడు. ఎవరూ లోపలికి రాకూడదని పెట్టినవన్నీ ఇప్పుడు ఆవిడని బయటికి పోనివ్వడం లేదు. తోట కుర్చీ గోడకి వేసి ఎక్కింది. చేతులు ముళ్ళ దాకా అందాయి, అంతే. అరవై ఆరేళ్ళ మోచేతులు ఒంటిని లేపలేకపోయాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి.

"ఎవరైనా ఉన్నారా!" అని అరిచింది. తన వీధిలో ఆవిడ గొంతెత్తడం అదే మొదటిసారి. ఒక్కరూ పలకలేదు. ఎవరుంటారు గనక! అందరూ దీవుల్లో ఉన్నారు.

ఫోన్ తీసి ఎవ్దొకియాకి చేసింది.

"అసిమీనా? కంగారు పడకు తల్లీ, నేను పోలీసు కారులో ఉన్నాను, దిగిపోతున్నాం."

అసిమీనా నోరు తెరిచింది. గొంతులోకి పొగ పోయింది గాని మాట బయటికి రాలేదు.

"చెప్పమ్మా?"

"ఇక్కడ..." అంది అసిమీనా. "ఇక్కడ గాలి బాగా ఉంది."

దేవుడా! ఇంటి కప్పు మీద నిప్పులు రాలుతుంటే ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది. అన్నాక తనకే వినిపించింది, తను ఏమందో. ఇలాగే చచ్చిపోతానని అప్పుడు తెలిసింది. ఆండ్రోస్‌లో హాయిగా ఉన్నానని చెబుతూ తన ఇంటి గేటు దగ్గర చచ్చిపోతుంది.

"నేను ఇంట్లో ఉన్నాను" అని అరిచింది. "కిరియా ఎవ్దొకియా, నేను ఎక్కడికీ పోలేదు! నేను ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు! గేటు రావట్లేదు, కరెంటు పోయింది, వెనకంతా నిప్పే!"



"ఇంకా అక్కడే ఉన్నావా?" ఎవ్దొకియా గొంతు సన్నబడిపోయింది. "వెనక నుంచి దిగిపోలేదా?"

"మీకు... తెలుసా?"

"మూడేళ్ళ నుంచి తెలుసే పిచ్చిదానా! ఏ సముద్రంలో అంత ప్రతిధ్వని వస్తుంది? వీళ్ళు వెళ్ళిపోతే నువ్వు ఎప్పటిలా వెనక నుంచి దిగిపోతావనుకున్నాను. నీ పరువు కాపాడుతున్నాననుకున్నానే తల్లీ. అబ్బాయ్! కారు తిప్పు! తిప్పమంటుంటే! అబద్ధం చెప్పాను, మనిషి ఉంది, లోపల మనిషి ఉంది! నువ్వు తిప్పకపోతే నేను దూకేస్తాను, నా తుంటి సంగతి తర్వాత చూసుకో!"

ఫోన్‌లో ఆవిడ ఏడుపు వినబడింది. ఎవ్దొకియా ఏడవగలదని అసిమీనాకి అప్పటిదాకా తెలియదు.

ఎంతసేపు పట్టిందో అసిమీనా చెప్పలేదు. తువ్వాలు తడిపి ముఖానికి చుట్టుకుని గేటు కింద సందు దగ్గర నేల మీద పడుకుంది, గాలి అక్కడే కాస్త ఉందని. ఇనుము అంత దగ్గరగా చూస్తే దాని మీద రంగు పెచ్చులూడి ఉంది. దానికీ రంగు వేయించాలి, వీధిలో వాళ్ళు చూస్తారు అనే ఆలోచన కూడా వచ్చిందట, నవ్వుకుంటూ చెప్పింది నాకు. తర్వాత పెద్ద ఇంజను చప్పుడు. "గేటు నుంచి దూరంగా జరగండి!" అన్నారు. గొలుసు వేసి ఫైరింజనుతో లాగారు. గేటు పట్టా విరిగి పక్కకి ఒరిగింది. ఎవరో ఆవిడ చంకల కింద చేతులేసి ఎత్తి పోలీసు కారులో వెనక సీట్లో ఎవ్దొకియా పక్కన పడేశారు.

ఒంటి మీద లాంబ్రోస్ పాత పైజమా. కాళ్ళకి చెప్పుల్లేవు. జుట్టుకి రంగు వేసుకోక మూడు వారాలైంది, మొదళ్ళలో తెలుపు. పెఫ్కోరాహిలో ఎవరూ ఆవిడని అలా చూడలేదు. ఎవ్దొకియా తన జేబురుమాలు ఉమ్ముతో తడిపి ఆవిడ నుదుటి మీద మసి తుడిచింది.

పోలీసు అబ్బాయి వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇంకెవరైనా ఇలా ఉన్నారా? ఇప్పుడే చెప్పండి. ఇంకోసారి నేను వెనక్కి రాలేను."

"లేరు" అంది ఎవ్దొకియా. "ఈసారి ఒట్టు. పక్కింటి కెప్టెన్ స్పెత్సెస్‌లో ఉన్నాడు. వెళ్ళడం నేను నా కళ్ళతో చూశాను."

అప్పుడు గుర్తొచ్చాడు అసిమీనాకి కెప్టెన్. అంతవరకూ తన ప్రాణం తప్ప ఇంకేమీ గుర్తులేదు. పోయినేటి తుమ్ము, ఆ నిద్రగొంతు. కానీ అది పోయినేడు. ఈ ఏడు నిజంగానే వెళ్ళాడేమో. లేదా ఇందాకే దిగిపోయాడేమో. ఉన్నాడని చెబితే, లేకపోతే? ఉంటే? ఆయనకి కట్టుకున్న భార్య లేదు, బిడ్డల్లేరు, ఎత్తి దించే ఆ టోపీ ఒక్కటే ఉంది. దాన్ని తను నలుగురిలో లాగి పారేస్తోంది. తనకి మాత్రం తెలియదా ఆ టోపీ ఎంత బరువో? చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తన చెప్పుల్లేని కాళ్ళ వైపు చూసుకుంది. ఆ క్షణంలో కారు కదిలింది.

"ఉన్నాడు" అంది. "ఆగు నాయనా. ఆయన ఇంట్లో ఉన్నాడు. వెనక గదిలో పడుకుంటాడు. చెవికి మిషన్ పెట్టుకుంటాడు, పడక వేళలో తీసేస్తాడు. మైకు వినబడి ఉండదు."

ఎవ్దొకియా నోరు తెరిచింది. "నాకు తెలియకుండానా?" అంది. అంత గొడవలోనూ ఆవిడకి అదే దెబ్బ తగిలింది.

అబ్బాయి కారు ఆపి ఫైరింజను వాళ్ళకి చెయ్యి ఊపి ఆ గేటు చూపించాడు. కారు కిందికి దిగింది. అసిమీనా వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది, పొగ తప్ప ఏమీ కనబడకపోయినా.

కింద ఊళ్ళో బడి ఆటల హాల్లో పరుపులు వేశారు. నీళ్ళ సీసాలు పంచుతున్నారు. పనివాళ్ళు, ముసలివాళ్ళు, ఎవరి కుక్కలో. అసిమీనా తలుపు ఎదురుగా కూర్చుంది. ఎవరో, "కిరియా అసిమీనా! మీరు ఆండ్రోస్‌లో లేరూ?" అన్నారు. ఎవ్దొకియా వెంటనే, "ఓడ రద్దయింది, గాలికి..." అని మొదలెట్టింది. అసిమీనా ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. "నేను వెళ్ళలేదు. ఇంట్లోనే దాక్కున్నాను" అంది. అడిగినావిడ కళ్ళు దించుకుని నీళ్ళ సీసా తెస్తానని వెళ్ళిపోయింది. ఇంతేనా, ముప్ఫై ఆరేళ్ళు నేను భయపడింది ఇంతకేనా అనిపించింది అసిమీనాకి. కానీ అది ఆలోచించే తీరిక లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడుతోంది. ఒక గంట. గంటన్నర. ఎవరూ రాలేదు. ఆలస్యం చేశానా, ఆ ఒక్క క్షణం నోరు మెదపక ఆ మనిషిని చంపానా అని గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

ఆరు దాటాక తీసుకొచ్చారు. మోకాళ్ళ దాకా నిక్కరు, కాలికి ఒకే చెప్పు, నెత్తిన టోపీ లేదు. బట్టతల మీద నల్లటి మసి. వెనక గది కప్పు కూలడానికి కాస్త ముందు తలుపు పగలగొట్టి లాక్కొచ్చారట, గోడలు తడుముతూ తిరుగుతున్నాడట. హాల్లో అందరూ తలతిప్పి చూశారు. ఆయన వాళ్ళందర్నీ చూశాడు, తర్వాత అసిమీనాని చూశాడు. కుంటుకుంటూ ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"నేనున్నానని ఎవరు చెప్పారు?"

"నేనే."

"ఎవరడిగారు మిమ్మల్ని?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. గోడ వైపు తిరిగి పరుపు మీద పడుకున్నాడు, వీపు ఇటు పెట్టి.

సెప్టెంబరులో అందరూ దీవుల నుంచి వచ్చారు. మా దగ్గర ఆ రోజుల్లో ఎవరు ఎదురైనా "కాలో హిమోనా" అంటారు, చలికాలం చల్లగా గడవాలని. నల్లబడిన గోడల మధ్య, కాలిన చెట్ల కింద నిలబడి కూడా అదే అనుకున్నారు. అసిమీనాకీ చెప్పారు, కాస్త తడబడి. ఆవిడ ఇంటి వసారా, వంటిల్లు పోయాయి. గేటు ఇంకా ఒరిగే ఉంది. బాగు చేయించలేదు, చేయించలేనని అడిగినవాళ్ళకి చెబుతోంది. చూసేవాళ్ళు చూస్తారు. ఎవ్దొకియా రోజూ సాయంత్రం ఆ గేటు సందులోంచే కర్ర ఊపుకుంటూ కాఫీకి వస్తుంది.

కెప్టెన్ తన ఇంట్లో మిగిలిన ముందు గదుల్లో ఉంటున్నాడు. కొత్త టోపీ, ఒక చేతికర్ర కొన్నాడు. రొట్టెల కొట్టుకి వెళ్తూ పొద్దున్నే అందరికీ టోపీ ఎత్తి "కాలో హిమోనా" అంటాడు, అసిమీనా గేటు రాగానే మెడ అటు తిప్పుకుంటాడు. ఒకరోజు రొట్టెలావిడ ఉండబట్టలేక, "ఆ పెద్దాయనకి అంత కోపం వచ్చేలా మీరేం చేశారు?" అని అడిగింది. "బతికించాను" అంది అసిమీనా, చిల్లర తీసుకుంటూ.

భయం పోయిందా అంటే పోలేదు. పొద్దున ఎనిమిదయ్యేసరికి కిటికీ తెరిచి నిలబడుతుంది. కెప్టెన్ ఎలా ఉన్నాడో అని, ఆయన కర్ర చప్పుడు వినబడేదాకా ఆవిడ ఒంట్లో ప్రాణం ఉండదు. ఆయన వస్తాడు, గేటు దగ్గర మెడ అటు తిప్పుకుని వెళ్ళిపోతాడు. అప్పుడు వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టుకుంటుంది.